దొంగ చలిమిడి

రైలు కదిలింది కాబట్టి ఇక దిగలేను, అంతవరకు నయం. కదలకముందు రెండుసార్లు లేచి నిలబడ్డాను. ఇంటికి పోవాల్సిన బండి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని మైకులో చెబుతూనే ఉన్నారు, బాపట్ల, చీరాల, ఒంగోలు అని. అది నా బండి, నేను ఎక్కవలసిన బండి. అయినా టికెట్ల కిటికీలో మనిషి ఎక్కడికమ్మా అని అడిగితే నా నోరు నన్నడక్కుండా రేపల్లె అనేసింది. నోటికి తెలిసింది కాళ్ళకీ తెలియాలిగా, కాళ్ళు ఇంకా బాపట్ల వైపే లాగుతున్నాయి. చినరావూరు కూడా రాలేదు, అప్పుడే చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని పొట్టకి అడ్డంగా పట్టుకున్నాను, ఎవరో గుంజుకుపోతారన్నట్టు. ఏముందని అక్కడ గుంజుకుపోవడానికి? పెసరగింజంత ఉంది. పొద్దున తెనాలి ఆస్పత్రిలో, చీకటిగదిలో, డాక్టరమ్మ తెర నావైపు తిప్పి అదుగో చూడు అంది. గింజలో ఇంకా చిన్న వెలుగు, ఆరుతూ వెలుగుతూ. గుండె అన్నమాట. నేను గాలి పీలిస్తే ఆరిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి చూశాను. ఇదివరకు వేరే ఆస్పత్రుల్లో, ఇలాంటి చీకటిగదుల్లోనే, తెర తమవైపే ఉంచుకుని మాటాపలుకూ లేకుండా మీటలు నొక్కుతూ ఉండిపోయినవాళ్ళని చూశాను. మాట్లాడని డాక్టరు ఏం చెప్పబోతోందో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఈవిడ తెర తిప్పింది. తిప్పినందుకు ఏడుపు రావాలి, లేకపోతే నవ్వైనా రావాలి. నాకు భయం వచ్చింది. ఏమీ లేనప్పుడు భయపడటానికి ఏముంటుంది, ఉన్నప్పుడే కదా భయం. బయటికొచ్చి మా ఆయన దత్తుకి ఒక్క మాట మెసేజి పెట్టాను, ఉంది, అని. వెంటనే జవాబు వచ్చింది, సరే జాగ్రత్త, అని. కాసేపటికి మళ్ళీ, గట్టిగానే కొట్టుకుంటోందా, అని. అవును అన్నాను. అంతకు మించి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

ఇది నాలుగోసారి. ముందు మూడూ నిలవలేదు. మొదటిది మూడో నెల దాకా వచ్చింది, తర్వాతవి రెండూ అంత దూరం కూడా రాలేదు. ఈ లెక్క పూర్తిగా తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురమే, నేనూ దత్తూ మా అత్తగారు శారదగారూ. మా అమ్మకి మొదటిది ఒక్కటే తెలుసు. మిగతా రెండూ ఎలా వచ్చాయో అలాగే అమ్మకి తెలియకుండా వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఆ రెంటి సంగతీ ఈ కొత్తదాని సంగతీ కలిపి అమ్మకి చెప్పడానికి రేపల్లె పోతున్నాను. అదీ రెండో నెలలో, ఎవరికీ చెప్పకూడని నెలలో. ఫోను చేసి చెప్పెయ్యొచ్చుగా అనేవాళ్ళు మా అమ్మతో ఎప్పుడూ ఫోన్లో మాట్లాడి ఉండరు. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. మా ఇల్లు మిల్లు గోడకి ఆనుకునే ఉండేది, ఏళ్ళ తరబడి ఆ మర చప్పుడులో కాపురం చేసి అమ్మ చెవులు పాడుచేసుకుంది. నాన్న పోయాక నేను చెవి మిషను కొనిపెట్టాను. అది పెట్టుకుంటే అందరూ మరీ అరుస్తున్నారంటుంది, అందుకని దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా దాచింది. కాబట్టి అమ్మతో ఫోన్లో మాట్లాడటమంటే వీధి మొత్తంతో మాట్లాడటమే. కూరేం చేశావన్నా కేకెయ్యాలి. బాపట్లలో మాది మేడమీది వాటా, మా అమ్మ ఆ పూట ఏం వండుకుందో కింద ఇంటివాళ్ళకి నాతోపాటే తెలుస్తుంది. అలాంటి ఫోన్లో కడుపులో సంగతి ఎలా చెప్తాను? ఎదురుగా కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి. చెప్పగలనో లేదో. గుమ్మంలో నన్ను చూసి ఏంటే ఇంత హఠాత్తుగా అంటుంది, ఏం లేదమ్మా ఊరికే అంటాను, అన్నం తిని మధ్యాహ్నం బండికి తిరిగొచ్చేస్తాను. నా సంగతి నాకు తెలియదా.

ఎదురు సీటులో ఒక పెద్దావిడ రెండు పెద్ద మూటలు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. చీరాల బట్టలు. ఫోన్లో ఎవరితోనో ముంతాజ్‌ని మాట్లాడుతున్నా, సరుకు తీసుకున్నా, బండెక్కా అని చెప్పడం విన్నాను కాబట్టి పేరు తెలిసింది. ఫోను పెట్టేసి నన్ను ఎగాదిగా చూసింది.

"కిటికీ పక్కకి రా అమ్మాయ్. నాకు గాలి పడదు."

"పర్లేదండి."

"పర్లేదంటావేంటి, మొహం చూడు ఎట్టా పాలిపోయిందో. రా, ఇటు రా."

చోటు మారాం. గాలి పడకపోవడం అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. జంపని దగ్గర పడుతుంటే అడిగింది, రేపల్లేనా, పుట్టిల్లా, అని. అవునండి అన్నాను. పిల్లలు లేరా, అంది. ఇంకా లేరండి, అన్నాను. వస్తార్లే, దేవుడిస్తాడు, అంది. ఇంకా అనే ఆ మాటని పెళ్ళయినప్పటినుంచీ ఎంత పని చేయిస్తున్నానో, పాపం దానికి సెలవే లేదు. ఇస్తూనే ఉన్నాడమ్మా, ఇవ్వకపోవడం కాదు, ఉంచడం లేదు, అని ఆవిడతో అనాలనిపించింది. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను. కార్తీకం కదా, వరి పాలు పోసుకుని తల వంచుతోంది. ఎక్కడ చూసినా అదే పచ్చన, గట్టుకి ఇవతలా అవతలా ఏ తేడా లేదు. ఏ కంకి నిండుతుందో ఏది తాలు పోతుందో పైనుంచి చూస్తే ఎవరికి తెలుస్తుంది. చూడబుద్ధి కాక కళ్ళు మూసుకున్నాను.

మా అత్తగారు చెడ్డావిడ కాదు. చెడ్డావిడైతే నాకు సుఖంగా ఉండేది, కోపం పెట్టుకోవడానికి ఒక చోటు దొరికేది. మొదటిసారి నెల తప్పినప్పుడు దానిమ్మకాయ ఒలిచి గిన్నెలో పెట్టి తీసుకొచ్చి, మూడో నెల నిండేదాకా ఈ గోడలక్కూడా చెప్పకమ్మా, దిష్టి మంచిది కాదు, అంది. ఆ మాట నాకు కొత్తేం కాదు, మా అమ్మా అలాగే అంటుంది, అందరిళ్ళలోనూ అంతే, కడుపు పండితే మొదట దాన్ని దాచాలి. దాచడం బాగుంటుంది కూడా. వాంతులు దాచుకుంటూ, పులుపు దాచుకుంటూ, మొగుడివైపు చూసి ఊరికే నవ్వుకుంటూ. అయితే దాచినది దాచినట్టే పోతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. పోయినప్పుడు అత్తగారు నా తల నిమిరి, పోన్లే, ఎవరికీ తెలియదు కదా, అదే నయం, అంది. నన్ను ఓదార్చడానికే అంది. ఆ మాట మూడుసార్లు విన్నాను. ఆవిడ అన్నయ్య కోటేశ్వరరావుగారు పోయినప్పుడు మా ఇంటికి జనం పలకరింపులకి వచ్చారు. వరండాలో కుర్చీలు చాలక చాపలు పరిచాం. వచ్చినవాళ్ళల్లా ఎలా జరిగిందమ్మా అనడం, అత్తగారు మొదటినుంచీ చెప్పడం, ముందు రోజు పెరుగన్నం అడిగి తిన్నాడు, పొద్దున్నే పేపరు చదివాడు, అంటూ ప్రతివాళ్ళకీ పూర్తిగా చెప్పడం. చెప్పిచెప్పి కర్మ రోజుకి ఆవిడ కాస్త తేలికపడింది. నేను అందరికీ కాఫీలు అందిస్తూ అది చూశాను. అప్పటికి రెండోది పోయి నెల కూడా కాలేదు. ఎలా జరిగిందమ్మా అని నన్ను అడిగితే నేనూ చెప్పేదాన్ని. ఏముంది చెప్పడానికి, పెరుగన్నం తినలేదు, పేపరు చదవలేదు, పేరు కూడా లేదు. అయినా చెప్పేదాన్ని. ఎవరికీ తెలియనిదాన్ని పట్టుకుని ఎవరు పలకరిస్తారు. కాఫీ గ్లాసులన్నీ కడిగి బోర్లించాను.

దత్తు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. మంచివాడే, అతనిమీదా నాకు కోపం పెట్టుకోవడానికి వీల్లేదు, నా ఖర్మేమిటో చుట్టూ అందరూ మంచివాళ్ళే. మొదటిసారి ఆస్పత్రినుంచి నన్ను తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, కిందికెళ్ళి బండి కడిగాడు. రెండోసారీ అంతే. మూడోసారి నేను లేచి కిటికీ దగ్గరికెళ్ళి చూశాను. అది ముందురోజే కడిగిన బండి. తళతళలాడుతోంది. దానిమీద మళ్ళీ నీళ్ళు పోస్తున్నాడు, చక్రాల కమ్మీలు ఒక్కొక్కటీ గుడ్డపెట్టి తుడుస్తున్నాడు, ముక్కు చేత్తో తుడుచుకుని మళ్ళీ తుడుస్తున్నాడు. పిలుద్దామనుకున్నాను. పిలిస్తే తల ఎత్తాలి, ఎత్తితే మొహం కనబడుతుంది, మొహం నేను చూశానని అతనికి తెలుస్తుంది. వెళ్ళి పడుకున్నాను. ఆ తర్వాత ఒక ఆదివారం సూర్యలంక తీసుకెళ్ళాడు, గాలి మారుతుందని. గుంటూరు నుంచీ తెనాలి నుంచీ వచ్చినవాళ్ళతో తీరమంతా తిరనాళ్ళలా ఉంది. అలల్లో చంటిపిల్లల్ని ముంచి తీస్తుంటే వాళ్ళు కేరుతున్నారు. అటు చూడకుండా ఉండాలని నేనూ, నేను చూస్తున్నానేమోనని నా వంక చూడకుండా దత్తూ, ఇద్దరం సముద్రాన్నే అంత శ్రద్ధగా చూశాం. మొక్కజొన్న పొత్తు తింటావా అన్నాడు. తింటానన్నాను. ఒక దుఃఖం కదా, ఇద్దరం చెరో పక్క పట్టుకుంటే బరువు తగ్గాలి, మరి అతని బరువు అతనిదిగానే, నా బరువు నాదిగానే ఎందుకుండిపోయిందో తెలియదు. ఇవాళ ఆస్పత్రికి కూడా వస్తానన్నాడు, నేనే వద్దన్నాను. డాక్టరు మాట్లాడకపోతే నేను భరించగలను, ఆ పక్కన అతని మొహం నేను భరించలేను.

వేమూరులో జామకాయలావిడ ఎక్కింది. జామకాయ తినొచ్చా అని ఒక్క క్షణం ఆలోచించి, ఆలోచించినందుకు నామీద నాకే విసుగేసింది. ఇన్నేళ్ళుగా ఏది చేస్తే పోయింది అని వెతకడమే నా పని. మొదటిసారి ఆటోలో వెళ్ళాను, గుంతలో పడింది, అందుకని. రెండోసారి ఆటో ఎక్కలేదు, నీళ్ళ బిందె ఎత్తాను, అందుకని. మూడోసారి బిందె ఎత్తలేదు, మంచం దిగలేదు, ఏమీ చెయ్యలేదు, మరి మంచం దిగకపోవడం వల్లనేమో. బొప్పాయి వైపు కన్నెత్తి చూడలేదు. సంతలో దాని పక్కనుంచి నడిచానని గుర్తొస్తే అదీ లెక్కలో రాసుకున్నాను. ఈ డాక్టరమ్మ దగ్గరికి మూడోది పోయాక వచ్చాను. ఆవిడ రక్తపరీక్షలు చేయించింది, కొన్నాళ్ళాగి మళ్ళీ చేయించింది. నీ రక్తానికి గడ్డకట్టే గుణం కాస్త ఎక్కువమ్మా, సన్నగడ్డలు కట్టి మాయకి రక్తం అందనివ్వడం లేదు, అందుకే బిడ్డ నిలవడం లేదు, అంది. చాలామందికి కారణమే దొరకదట, నాకు దొరికింది, అదొక అదృష్టం. ఈసారి నెల తప్పినట్టు తెలిసిన రోజునుంచీ పొట్టకి ఇంజక్షను చేసుకుంటున్నాను. రోజూ నేనే, అద్దం ముందు నిలబడి, చర్మం వేళ్ళతో పట్టుకుని. పొట్టంతా నీలం మచ్చలు. అవి చూసి దత్తు మొహం తిప్పుకుంటాడు, నాకైతే అవంటే ఇష్టమే, చేతనైనది ఏదో చేస్తున్నానని సాక్ష్యం. ఇవాళ లేచి వచ్చేస్తూ గుమ్మం దగ్గర ఆగి అడిగాను.

"మేడమ్, మొదటిసారి పోయింది కూడా దీనివల్లేనా? మూడో నెలలో, మా అమ్మ చలిమిడి పెట్టాక?"

"చలిమిడికీ దీనికీ ఏం సంబంధమమ్మా? అది కూడా దీనివల్లే అయ్యుంటుంది. నువ్వు తిన్నదీ కాదు, ఎక్కినదీ దిగినదీ కాదు. ఎవరి తప్పూ లేదు."

ఎవరి తప్పూ లేదు. ఆ మాట విని హాయిగా ఇంటికి పోవాలి కదా. ఆ మాటే నన్ను ఈ రైలెక్కించింది.

ఎందుకంటే మా అమ్మకి ఆ మాట ఇంకా ఎవరూ చెప్పలేదు. మావైపు ఆడపిల్లకి కడుపొస్తే మూడో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి పెడతారు, కడుపు చలవకి. అయిదో నెలలో పెట్టేది అందరినీ పిలిచి పెట్టేది. మూడో నెలలోది దొంగ చలిమిడి. ఎవరికీ చెప్పకుండా తల్లి తీసుకొచ్చి, ఎవరూ చూడకుండా కూతురి ఒళ్ళో పెట్టి, అక్కడే తినిపించి వెళ్ళిపోతుంది. పేరు దొంగది గానీ అంత ప్రేమగా చేసే దొంగతనం ఇంకోటి లేదు. అయితే పెట్టే చెయ్యి ముత్తైదువది కావాలి. నాన్న అప్పటికే పోయాడు. అమ్మ ఎవరో ఒక పిన్నిని వెంటబెట్టుకుని రావాలి. రాలేదు. స్టీలు డబ్బా సంచీలో పెట్టి, పైన కరివేపాకు కప్పి, కూరగాయలు తెస్తున్నట్టు ఒక్కతే బాపట్ల వచ్చింది. అత్తగారు గుడికెళ్ళిన సమయం చూసి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. దొంగ చలిమిడేగా, ఎవరు చూస్తారే, నా పిల్లకి నా చేత్తో పెట్టుకోవాలనుంది, అంది. గుసగుసగా అన్నాననుకుంది, అమ్మ గుసగుస పెరటిదాకా వినిపించింది. ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వాం. బెల్లం, తడిపిండి, యాలకుల వాసన. వేళ్ళకి నెయ్యి. తిను, తిను, ఎవరైనా వస్తారు, అంటూ పెట్టింది. మొత్తం తిన్నాను. అమ్మ వెళ్ళిన తర్వాత ఆ వారంలోనే స్కానింగు. గుండె ఆగి చాలా రోజులైందన్నారు. అంటే అమ్మ పెట్టేటప్పటికే లేదు. నవ్వేటప్పటికే లేదు. ఆ సంగతి అమ్మకి చెప్పాను, వినబడేలా చెప్పాను. అమ్మ వినలేదు. ఎవరూ చూడరనుకున్నా, దేవుడు చూశాడే, బోడిచేత్తో పెట్టి నీ కడుపు నేనే మాడ్చా, అని మా వంటింటి గోడకేసి చెయ్యి కొట్టుకుంది. నేను మంచం మీదినుంచి లేచి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

అందుకే తర్వాతవి చెప్పలేదు. చెబితే మళ్ళీ ఆ చెయ్యి గోడకేసి కొట్టుకుంటుందని. రెండోది పోతున్నప్పుడు బాత్రూములో ఉన్నాను, ఫోను మోగింది, అమ్మ. ఎత్తకపోతే కంగారుపడి బస్సెక్కేస్తుంది. ఎత్తి, ఏం లేదమ్మా కాస్త తలనొప్పి, అని అరిచాను. కాఫీ తాగి పడుకోవే, అని అరిచింది. సరేనమ్మా, అని అరిచాను. కింద ఇంటివాళ్ళు విని ఉంటారు, నాకు తలనొప్పని. ఏవైనా విశేషమా అని ఏడాదిపాటు అడిగింది, తర్వాత అడగడం మానేసింది. మా ఇంటికి రావడమూ బాగా తగ్గించింది. వచ్చినా నా చేతికి ఏదీ ఇవ్వదు, అరటిపళ్ళు కూడా బల్లమీద పెడుతుంది. నేను అమ్మని కాపాడుతున్నాననుకున్నాను. పెనుమర్రు వచ్చి బండి ఆగి మళ్ళీ కదిలింది. కదిలాక అప్పుడు తట్టింది నాకు, ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టుకున్నానో బుర్రని. రెండోసారి అమ్మ చలిమిడి పెట్టలేదు. మూడోసారీ పెట్టలేదు. అమ్మ చెయ్యి నన్ను తాకనే లేదు. అయినా పోయాయి. ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలు కదా అమ్మకి, డాక్టరూ అక్కర్లేదు, రక్తపరీక్షలూ అక్కర్లేదు. నేను చెప్పకుండా దాచిన ఆ రెండే అమ్మని విడిపించే సాక్ష్యాలు. రేపల్లె ఇంకెంత దూరమో, ఈ బండి నడక కంటే నేను దిగి నడిస్తే నయమేమో, అనిపించింది.

భట్టిప్రోలులో ఆగిపోయింది. ఎదురుబండి రావాలట. ఇంజను చప్పుడు లేదు, గాలి లేదు, ఫాన్లు తిరుగుతున్నాయి, బోగీలో జనం కునుకులు తీస్తున్నారు. నా ఫోను మోగింది. అమ్మ. ఎత్తకుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం, ఇంకాసేపట్లో ఇంట్లో ఉంటాను కదా అని. ఎత్తాను.

"ఏంటే, అన్నం తిన్నావా?" అమ్మ గొంతు ఫోను దాటి ముంతాజ్‌గారిదాకా వచ్చింది.

"తిన్నానమ్మా. నువ్వో?"

"ఏంటీ?"

"నువ్వు తిన్నావా అంటున్నా!"

"ఇంకా లేదు. పక్కింటి బిందుకి ఇవాళ సీమంతం. పొద్దుటినుంచీ ఒకటే సందడి. నన్నూ రమ్మన్నారు, పాపం."

"వెళ్ళకపోయావా!"

"నేనెందుకే? తలుపులేసుకుని పడుకున్నా. కిటికీలు కూడా వేసుకున్నా. ఆ పిల్ల బయటికొచ్చినప్పుడు నేను కనపడితే బాగుండదు. నా చెయ్యి ఎలాంటిదో నీకు తెలీదా ఏంటి?"

పట్టపగలు కిటికీలు వేసుకుని, ఆ ఉక్కలో, పక్కింటి సన్నాయి కూడా సరిగ్గా వినబడని చెవులతో. నేను రేపల్లెలో దిగి, ఆటో ఎక్కి, తలుపు కొట్టి, అది అమ్మకి వినబడి, తీసి, ఏంటే హఠాత్తుగా అని, ఏం లేదమ్మా ఊరికే అని. లేదు, అంతసేపు నేను ఆగలేను.

"అమ్మా, నీ చెయ్యి కాదు!"

"ఏంటీ?"

"నీ చెయ్యి కాదమ్మా! నా రక్తం! నా రక్తంలో ఉంది లోపం! డాక్టరమ్మ చెప్పింది!"

పక్క బెంచీలో కునుకుతున్నాయన కళ్ళు తెరిచాడు. బోగీ ఆ చివరనుంచి సమోసాలతను కేకేస్తూ వస్తున్నాడు. "అరవకయ్యా, ఆ అమ్మాయి మాట్లాడుతోంది కనపడట్లా?" అంది ముంతాజ్‌గారు. అతను బుట్ట కింద పెట్టి నిలబడిపోయాడు.

"ఏదోలే, నా బాధ చూళ్ళేక అంటావు," అంది అమ్మ.

"కాదు! ఆ తర్వాత ఇంకా రెండు పోయాయమ్మా! రెండోసారీ పోయింది, మూడోసారీ పోయింది! నీకు చెప్పలేదు! అప్పుడు నువ్వు చలిమిడి పెట్టలేదు, అసలు నువ్వు లేనే లేవు! అయినా పోయాయి!"

అరిచేశాను. ఏ గోడలకీ చెప్పకూడనిది బోగీకంతా చెప్పేశాను. ఎవరి మొహమూ చూడలేక కిటికీ కమ్మీల్ని చూస్తున్నాను. ఫోను తెగిందేమోనని చూసుకున్నాను, తెగలేదు. పుట్టి బుద్ధెరిగాక అమ్మ అంత చిన్నగా మాట్లాడటం నేను వినలేదు.

"అప్పుడు ఒక్కదానివే పడ్డావా?"

"అవునమ్మా," అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

"ఏంటీ?"

"ఒక్కదాన్నే!" అని అరిచాను. "ఒక్కదాన్నే పడ్డానమ్మా!"

అప్పుడు వచ్చింది ఏడుపు, పొద్దున రావాల్సినదీ, అంతకుముందు రావాల్సినవీ అన్నీ కలిసి. ముంతాజ్‌గారు మూటలు దాటి వచ్చి నా పక్కన కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. జామకాయలావిడ తన సీసాలో నీళ్ళు మూతలో పోసి నాకు అందించింది. ఎవరో వెనకనుంచి, ఎలా జరిగిందంటమ్మా, అని ఆవిణ్ణి మెల్లగా అడుగుతున్నారు. తాగి, ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అమ్మా! ఇప్పుడు మళ్ళీ ఉంది. రెండో నెల. గుండె కొట్టుకుంటోంది, పొద్దున నా కళ్ళతో చూశాను. రైల్లో ఉన్నా, భట్టిప్రోల్లో. నీ దగ్గరికే వస్తున్నా. చలిమిడి పెట్టు."

"రెండో నెలలోనా? మూడో నెల రావాలి కదే."

"మూడో నెల వస్తుందో రాదో నాకు తెలీదమ్మా! ఇవాళ ఉంది!"

అమ్మ ముక్కు చీదడం వినబడింది. "మరి ఎవర్ని పిలవను? పక్కింట్లో ముత్తైదువలందరూ ఉన్నారు, ఎవర్నైనా..."

"ఎవర్నీ వద్దు. నువ్వే పెట్టు."

"నేనా?"

"నువ్వే!"

"నువ్వే పెట్టాలమ్మా," అంది ముంతాజ్‌గారు ఫోనులోకి వంగి, నాకంటే గట్టిగా. అమ్మ ఎవరది అని అడగలేదు. మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు. ఫోను ఎక్కడో పెట్టింది గానీ కట్ చెయ్యడం మరిచిపోయింది. డబ్బా మూత తీయడం వినబడింది, గిన్నెలో బియ్యం పడటం వినబడింది, నీళ్ళు పోయడం వినబడింది. ఎదురుబండి వచ్చి వెళ్ళిపోయి, మా బండి కదిలినా, నేను ఫోను చెవికి ఆనించుకునే కూర్చున్నాను.